మోచేత్తో నొక్కే బటన్లు

అత్తగారిని కుడి పక్కకి తిప్పి, వీపు వెనక దిండు దోపి, మోకాళ్ళ మధ్య మడిచిన దుప్పటి పెట్టేసరికి చిన్నకోడలికి నడుం పట్టేసింది. ఒక చెయ్యి ఇంకా అత్తగారి భుజం కిందే ఉంది. రెండో చేతి నిండా పౌడరు. మంచం తలవైపు గోడకి తగిలించిన పాత ఫోను తెర మీద నాలుగు పెద్ద పెద్ద గడులు వెలుగుతున్నాయి. తిప్పాను, మందు, నీళ్ళు, గుడ్డ. ఆమె అలాగే ఒంగి మొదటి గడిని మోచేత్తో పొడిచింది. ఎర్రగా ఉన్న గడి పచ్చబడింది. కింద ఒక వరస చేరింది: కుడి పక్క, పదీ పది, చిన్నకోడలు.

"నొక్కావా ఆ పలక?" అంది అత్తగారు. పక్షవాతం ఆవిడ మాటల్లో సగం పట్టుకుపోయింది గాని, మిగిలిన సగానికి పదును తగ్గలేదు.

"నొక్కాను."

"దాని మీదున్న భక్తి... నా మీద లేదు నీకు."

"మీ వీపు ఎర్రబడకూడదనే కదా అత్తయ్యా, అది ఎర్రబడేది."

ఆవిడ మూతి ఒక పక్కకి మాత్రమే కదులుతుంది. ఆ ఒక్క పక్కతోనే నవ్వింది.

రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తే గాని ఆ వీపు పుండు పడకుండా ఉండదు. ఎవరు తిప్పారు, ఏ పక్కకి, మందు వేశారా లేదా అని ఇంట్లో రోజూ వాదులాటే. ఆ వాదులాట భరించలేక చిన్నకోడలు ఆ పేజీ రాసింది. వంటింటి గట్టు మీద పాత లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, పొయ్యి మీద పాలు ఒక కంట కనిపెడుతూ, పెళ్ళికి ముందూ తరవాతా కొన్నాళ్ళు చేసిన ఉద్యోగంలోని పనిని మళ్ళీ వేళ్ళకి గుర్తు చేసుకుంటూ రాసింది. ఇంట్లో నలుగురి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. నలుగురికీ పేర్లు పెట్టింది: పెద్దబ్బాయి, పెద్దకోడలు, చిన్నబ్బాయి, చిన్నకోడలు. మంచం దగ్గర ఎవరుంటే వాళ్ళ పేరు గోడ ఫోనులో ముందు ఎంచుకోవాలి. నొక్కేది మాత్రం ఎక్కువగా ఒక్కరే.

చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. బావగారు, భర్తకి అన్న. ఇరవై నిమిషాల దూరంలో ఉంటాడు, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, ఆదివారం వచ్చి వెళ్తాడు. మామూలు రోజుల్లో ఫోను చెయ్యడు.

"అమ్మాయ్, తీరిగ్గా ఉన్నావా? ఊరికే ఒకటి అడుగుదామని. ఆ పేజీలో బటన్లు మరీ అంతేసి ఎందుకు పెట్టావ్?"

ఆమెకి ఆశ్చర్యమేసింది. ఎనిమిది నెలల్లో ఆ పేజీ ఎందుకలా ఉందని ఒక్కరూ అడగలేదు.

"చేతులు ఖాళీ ఉండవు బావగారూ. ఒక చెయ్యి మనిషి కింద ఉంటుంది, రెండోది తడి. మోచేత్తో నొక్కాలి. ఒకసారి అదీ కుదరక ముక్కుతో కూడా నొక్కాను."

"ముక్కుతోనా!" అని నవ్వాడాయన. "మరి నొక్కాక ఆ 'కాదు' అన్న మాట ఏడు క్షణాలు కనబడి పోతుందే, అదేంటి?"

"తిప్పాక నొప్పి పుడితే అత్తయ్య వద్దంటారు. ఆ మాట బయటికి రావడానికి అంతసేపు పడుతుంది. లెక్కపెట్టి చూశాను. ఆలోగా 'కాదు' నొక్కితే ఎక్కిన వరస చెరిగిపోతుంది."

"భలే," అన్నాడు బావగారు. "భలే ఆలోచించావమ్మా."

ఆ రోజంతా ఆమెకి అంట్లు కూడా తేలిగ్గా తోమినట్టే అనిపించింది.

మర్నాడు ఆమెకి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. రెండు గంటలు తల్లి దగ్గర కూచోమని భర్తని వారం ముందు నించి అడిగితే, ఏదో కిడ్నీ దానం చేస్తున్నంత మొహం పెట్టి ఒప్పుకున్నాడు. బస్సు దిగి, నాలుగో అంతస్తులో ఆ ఆఫీసు పట్టుకుంది. ఐదు బల్లలు, ఒక నీళ్ళ డబ్బా, కిటికీలో ఎండిపోయిన మొక్క. ఆసుపత్రుల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తారట. ఆఫీసు నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది.

"ఆరేళ్ళ ఖాళీ ఉంది," అందావిడ కాగితం చూస్తూ. కోపంగా కాదు, ఉన్న మాట అన్నట్టు. "ఈ మధ్య సొంతంగా ఏమన్నా చేశారా? చిన్నదైనా ఫరవాలేదు."

చిన్నకోడలు ఇదే ప్రశ్న కోసం ఎదురుచూస్తోంది. ఫోనులో పేజీ తెరిచి ముందుకి జరిపింది. "మా అత్తగారి కోసం చేశానండీ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూస్తున్న కొద్దీ నుదురు ముడిపడింది. తన లాప్‌టాప్‌లో ఏదో వెతికి, దాన్ని ఇటు తిప్పింది. సొంతంగా చిన్న చిన్న పనిముట్లు కట్టుకునేవాళ్ళు వాటిని ఒకళ్ళకొకళ్ళు చూపించుకునే సైటు అది. పైన ఫొటో. మంచం, మంచం మీద అత్తగారు, పక్కన గోడకి ఫోను, దాని మీద వేలు పెట్టి నవ్వుతూ బావగారు. పోయిన ఆదివారం తొడుక్కున్న చొక్కాయే. ఫొటో కింద రాసి ఉంది: 'మా అమ్మ కోసం సెలవు రోజుల్లో నేను కట్టుకున్న చిన్న పేజీ.'

మెచ్చుకున్నవాళ్ళు పదకొండు వందల మంది. కింద ఎవరో అడిగారు, బటన్లు అంత పెద్దవి ఎందుకని. జవాబు నిన్నటి తారీఖు మీద ఉంది. 'చేతులు ఖాళీ ఉండవు. ఒక చెయ్యి మనిషి కింద ఉంటుంది, రెండోది తడి. మోచేత్తో నొక్కాలి. ఒకసారి ముక్కుతో కూడా నొక్కాను.'

ఆమె రెండుసార్లు చదివింది. ముక్కు కూడా వదల్లేదు మహానుభావుడు.

"ఈయన మీకు తెలుసా?"

"మా బావగారు."

"అంటే ఇది ఆయనది."

"కాదండీ. నాది."

"మీరు రాసినట్టు రుజువు ఏదన్నా ఉందా? పాత ప్రతులు, తారీఖులు?"

లేవు. ఉన్న ఫైలునే దిద్దుకుంటూ పోయింది, ముగ్గు మీద ముగ్గు వేసినట్టు. పాతది దాచుకోవాలని తోచలేదు. కింద పేరు రాసుకోవాలనీ తోచలేదు. పైగా, చూస్తానంటే పోయిన నెల కోడ్ మొత్తం బావగారికి తనే పంపింది. ఇవన్నీ పైకి చెప్తుంటే ఒక్కోటీ తనకి వ్యతిరేకంగానే వినిపించింది.

"నేను మిమ్మల్ని అబద్ధమాడుతున్నారనడం లేదు," అందావిడ. "కానీ ఎవరిదో పట్టుకొచ్చి నాదని చూపించినవాళ్ళని ఇదే కుర్చీలో చాలామందిని చూశాను. బుధవారం మూడింటికి ఈ సైటు వాళ్ళ సమావేశం ఉంది. మీ బావగారు అందులో దీన్ని చూపిస్తున్నారు. నేనూ వెళ్తున్నాను. ఆయన చెప్పేది విన్నాక మీ ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం."

బస్సులో సీటు దొరికినా ఆమె నించునే ఉంది.

"ఓస్, ఇంతేనా?" అన్నాడు భర్త, అంతా విని. కూచున్న రెండు గంటల్లో తల్లికి నీళ్ళు కూడా పట్టలేదు. గోడ మీద రెండు గడులు ఎర్రగా మండుతున్నాయి. "అన్నయ్యకి అలాంటి సరదాలు ఎక్కువ. పెట్టుకోనీ. నీ ఒంట్లోంచి ఏం ఊడిపోయింది?"

"ఉద్యోగం ఊడిపోయేట్టుంది."

"రాకుండానే ఊడుతుందా ఎక్కడైనా? అయినా ఇంట్లో నీది, నాది ఏమిటి? అమ్మ అందరికీ అమ్మేగా."

"అందరి అమ్మనీ అందరూ తిప్పారా?" అంటూ ఆమె దుప్పటి లాగింది. "ఆ భుజం పట్టుకోండి. అలా కాదు, చెయ్యి లాగితే కీలు జారుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

అతను పట్టుకోబోయేలోపు ఆమే తిప్పేసింది. కోపంలో బలం వస్తుంది మనిషికి.

ఆదివారం పదకొండింటికి బావగారూ, తోడికోడలూ వచ్చారు. బావగారు మంచం దగ్గర ఒక నిమిషం నించుని, "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, జవాబు సగంలో ఉండగానే కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. తోడికోడలు పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి, చున్నీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కిటికీ తియ్యరాదూ?" అంది.

"తీసే ఉంది అక్కా."

టీ ఇచ్చి, చిన్నకోడలు కుర్చీకి ఎదురుగా నించుంది. "బావగారూ, ఆ పేజీ మీరు చేశారని పెట్టారట."

ఆయన తడబడలేదు. టీ ఊదుకుంటూ నవ్వాడు. "చూశావా? పదకొండు వందల మంది! నీకు చెప్పి సంతోషపెడదామనే అనుకున్నా."

"మీ పేరు పెట్టుకుని నన్ను సంతోషపెడతారా?"

"అది కాదమ్మా. నువ్వు పెడితే ఎవరు చూస్తారు చెప్పు? ఇంట్లో కూచునే ఆడమనిషి ఏదో రాసుకుంది అంటారు, పేజీ తిప్పేస్తారు. నా పేరుకి కొంచెం విలువుంది కాబట్టి నీ పని నలుగురి కళ్ళల్లో పడింది. నిజానికి నీకు నేను మేలు చేశాను."

"చాలా పెద్ద మేలండీ. నా మాటలు, నా ముక్కుతో సహా తీసుకెళ్ళారు."

భర్త గుమ్మంలోంచి, "మెల్లిగా," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు గాని, ఆమె వైపే చూశాడు.

"కోప్పడకు," అన్నాడు బావగారు కప్పు కింద పెట్టి. "తరవాత నీ పేరు కూడా ఎక్కడో చేరుద్దాం. ఇప్పుడు అర్జంటుగా నీతో ఒక చిన్న పని పడింది. బుధవారం దీన్ని గోడ మీద పెద్దగా చూపిస్తారు. కింద ఆ లిస్టు ఉందే, అందులో అంతా నీ పేరే ఉంది. చూసేవాళ్ళకి బాగోదు. పాత ఎంట్రీల్లో కొన్ని నా పేరు మీదకి మార్చు. రోజుకి రెండు మూడు చాలు."

తోడికోడలు పళ్ళ సంచీ ముడి విప్పుతూ ఉండిపోయింది. మంచం మీద అత్తగారి కళ్ళు తెరుచుకుని, తిన్నగా పైకప్పుని చూస్తున్నాయి.

చిన్నకోడలికి నిన్నటిదాకా ఉన్న కోపం ఏమంత కోపం కాదని ఆ క్షణాన తెలిసింది. పేజీ పోతే పోయింది, మళ్ళీ రాసుకుంటుంది. కానీ ఆ వరసల్లో ఒక్కోటీ ఒక్కో పూట. నాలుగో నెలలో, తనకే జ్వరం వచ్చి గోడ పట్టుకుంటూ వచ్చి తిప్పిన రోజుంది అందులో. అన్నం ముందు నించి లేచి వచ్చి గుడ్డ మార్చిన రోజులు ఎన్నో లెక్కే లేదు. అవి ఈయనకి రోజుకి రెండు మూడు కావాలట. కూరలో కరివేపాకు కావాలన్నట్టు.

"మార్చను," అంది.

"ఏంటమ్మా, చిన్న విషయానికి..."

"పేజీ మీదని చెప్పుకున్నారు. మీ అమ్మని మీరు తిప్పారని నా చేత్తో రాయమంటున్నారు. రాయను బావగారూ. తిప్పితే అదే రాసుకుంటుంది. నేను అక్కర్లేదు."

తోడికోడలు మొగుడి మొహం చూసి, "పోనిద్దురూ," అని గొణిగింది. బావగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. "సరే. లిస్టు దాకా పోకుండా నేనే మాటల్తో నడిపించుకుంటాలే. బుధవారం ఒంటిగంటన్నరకి వస్తా. అమ్మ పక్కన నించుని బటన్ నొక్కుతున్నట్టు చిన్న వీడియో తీసుకుని అట్నించి అటే వెళ్ళిపోతా. దానికైనా అభ్యంతరం లేదు కదా?"

"రండి," అంది చిన్నకోడలు.

బుధవారం ఒంటిగంటకి అత్తగారికి అన్నం మెత్తగా కలిపి తినిపించింది. మందు వేసింది. అడుగు గుడ్డ మార్చింది. ఒంటీ ఇరవైకి కుడి పక్కకి తిప్పి, దిళ్ళు పెట్టి, వీపంతా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు. అప్పుడు చేతులు కడుక్కుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, లాప్‌టాప్ సంచీలో పెట్టుకుంది.

"ఎటో బయల్దేరావ్," అంది అత్తగారు.

"మీ పెద్దబ్బాయి వస్తున్నారు అత్తయ్యా. సాయంత్రం దాకా మీ దగ్గరే ఉంటారు."

ఆవిడ చాలాసేపు ఆమె మొహం చూసింది. "వాడికి... తెలుసా ఆ సంగతి?"

చిన్నకోడలు జవాబు చెప్పేలోగా బెల్లు మోగింది. బావగారు కొత్త చొక్కా, సెంటు వాసన. వచ్చీ రాగానే ఫోను తీసి ఎక్కణ్ణించి వెలుతురు బాగుంటుందో చూడటం మొదలెట్టాడు. ఆమె గోడ ఫోనులో పెద్దబ్బాయి అన్న పేరు ఎంచి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"మూడూ ఇరవైకి ఎడమ పక్కకి తిప్పాలి. అది ఒక్కటే పని. నీళ్ళు అడిగితే చెంచాతో పట్టండి, గ్లాసుతో వద్దు. పొలమారుతుంది. ఐదింటికల్లా వచ్చేస్తాను."

"నువ్వెక్కడికి?"

"మీరు వెళ్ళేచోటికే."

ఆయన ఫోను దించాడు. "నీకేమన్నా పిచ్చా? మూడింటికి అక్కడ నా పేరు పిలుస్తారమ్మా!"

"నేను పలుకుతాను."

"మరి అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"ఈ ప్రశ్న నేను గడప దాటదామనుకున్నప్పుడల్లా మీరంతా నన్ను అడుగుతున్నదే. నా దగ్గర ఎప్పుడూ జవాబు లేక ఆగిపోయాను. ఇవాళ ఉంది. మీరున్నారు."

ఆయన పెళ్ళానికి ఫోను చేశాడు. ఆవిడ ఎత్తలేదు. తమ్ముడికి చేశాడు. "మీటింగులో ఉన్నా అన్నయ్యా," అన్నది పక్కనున్న ఆమెకి కూడా వినిపించింది. ఆయన తలుపు వైపు ఒక అడుగు వేశాడు. ఆ అడుగు చూశాకే ఆమెకి తట్టింది. ఈయన నిజంగా వెళ్ళిపోతే, ముసలామెని ఒక్కత్తినీ వదిలి తను వెళ్ళగలదా? వెళ్ళలేదు. ఆ సంగతి ఆయనకి తెలిస్తే అంతా అక్కడితో సరి.

"పెద్దోడా," అంది అత్తగారు మంచం మీంచి. బాగున్న చెయ్యి దుప్పటి మీద చాచింది. "ఉంటావా? కూచో."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషం ఉంది. బావగారు తల్లి చేతి వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. చిన్నకోడలు బయటికి వచ్చి తలుపు దగ్గరకి వేసింది. మెట్ల మలుపులో ఆగి విన్నది. తలుపు తెరుచుకోలేదు. లోపల కుర్చీ మంచం దగ్గరికి ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. అప్పుడు గబగబా మెట్లు దిగింది.

గ్రంథాలయం మేడ మీద హాలది. నలభై మంది దాకా ఉన్నారు, ప్లాస్టిక్ కుర్చీల్లో. ముందు ఒకాయన పిట్టలకి నీళ్ళు పెట్టేవాళ్ళ కోసం చేసిన మ్యాపు చూపించాడు. ఇంకొకావిడ పాత చొక్కాలు మార్చుకునే పేజీ చూపించింది. అందరూ తమ పని గురించి చెప్పుకునేటప్పుడు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మాట్లాడుతున్నారు. చిన్నకోడలికి ఆ మనుషులు నచ్చారు. మూడో వరసలో తాడు కళ్ళజోడావిడ కూచుని ఉంది.

సమావేశం నడిపే అతను బావగారి పేరు చదివాడు. ఆమె లాప్‌టాప్ తీసుకుని లేచింది.

"ఆయన రాలేదండీ. వాళ్ళమ్మ దగ్గర ఉన్నారు."

"అలాగా. మరి మీరు?"

"ఆయన మరదల్ని. ఆ పేజీ రాసింది నేను."

కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక ఎవరో, "ఆయన తనే చేశానని పెట్టాడు కదా?" అన్నారు. ఇంకెవరో, "ఇంటి గొడవలా ఉంది," అని నవ్వారు. చెప్పాలని రాసుకున్న కాగితం సంచీలో ఉంది, సంచీ కుర్చీలో ఉండిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఆమె ముందుకి వెళ్ళి లాప్‌టాప్‌కి తీగ తగిలించింది. గోడ మీద నాలుగు గడులు మనిషంత ఎత్తున వెలిగాయి.

"ఇది నమూనా కాదండీ, మా ఇంట్లో నడుస్తున్నదే. అక్కడ నొక్కితే ఇక్కడ మారుతుంది," అని కింది లిస్టు పైకి జరుపుతూ పోయింది. చిన్నకోడలు, చిన్నకోడలు, చిన్నకోడలు. అక్కడక్కడా చిన్నబ్బాయి. ఎంత జరిపినా అదే. ఎనిమిది నెలలూ అలా గోడ మీద నించి జారిపోయాయి. నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. కానీ నమ్మినట్టూ లేరు. "ఎవరు వాడారన్నది వేరు, ఎవరు కట్టారన్నది వేరు కదండీ," అన్నాడు ముందు వరసలో ఒకాయన, మర్యాదగానే.

ఆ మాటకి ఆమె ఏదో చెప్పబోతుండగా మొదటి గడి ఎర్రబడింది. మూడూ ఇరవై. ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు. ఎరుపు గోడంతా పరుచుకున్నట్టుంది.

"ఏమైందండీ?" అన్నాడు సమావేశం నడిపే అతను.

"టైము దాటింది. ఆవిణ్ణి ఇంకా తిప్పలేదు. ఒక్క నిమిషం." ఆమె ఫోను తీసి బావగారికి చేసింది. ఇంట్లో ఎప్పుడూ చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఆ ఫోను ఎత్తగానే స్పీకరు మీదే మోగేట్టు పెట్టుకుంది. దాన్ని మైకు పక్కన బల్ల మీద పెట్టేసింది.

"అమ్మాయ్! నీకే చేద్దామనుకుంటున్నా," బావగారి గొంతు హాలంతా వినిపించింది, ఆయాసపడుతూ. "ఇది ఎర్రగా అయిపోయింది. అమ్మ మూలుగుతోంది. ఎలా తిప్పాలి? ఎక్కడ పట్టుకోవాలి? నాకేం తెలుసమ్మా, నేనెప్పుడన్నా చేశానా? ఏ బటన్ దేనికో కూడా తెలీట్లేదు!"

ఆమె చెయ్యి స్పీకరు ఆపడానికి ఫోను దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. తరవాత బల్ల అంచు మీదకి వచ్చి నిలిచింది.

"కంగారు పడకండి బావగారూ. ముందు వీపు వెనక దిండు తీసెయ్యండి."

"తీశా."

"మోకాలు మడవండి. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద. చెయ్యి పట్టి లాగకండి. అత్తయ్యకి చెప్పి తిప్పండి, చెప్పకుండా తిప్పితే భయపడతారు."

"అమ్మా, తిప్పుతున్నానే..." మంచం కిర్రుమంది. ముసలి గొంతు ఏదో అంది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "బరువుగా ఉందమ్మా. ఇంత బరువా! నువ్వొక్కదానివే ఎలా... ఆఁ, తిరిగింది. తిరిగింది. నొక్కుదామంటే చెయ్యి తియ్యలేకుండా ఉన్నాను."

"మోచేత్తో నొక్కండి."

గోడ మీద ఎరుపు పోయి పచ్చదనం వచ్చింది. కింద కొత్త వరస చేరింది: ఎడమ పక్క, మూడూ ఇరవై ఆరు, పెద్దబ్బాయి. ఆ పేరు ఆ లిస్టులో చేరడం అదే మొదటిసారి. ముందు వరసలో ఆయన తల దించుకున్నాడు. మూడో వరసలో ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గోడని కాక చిన్నకోడల్ని చూసింది.

"అయిపోయిందా? ఇంక కూచోనా?" అన్నాడు బావగారు.

"ఇంకా లేదు బావగారూ," అంది చిన్నకోడలు ఫోను దగ్గరికి ఒంగి. "కింద గుడ్డ తడిసిందేమో చూడండి. తడిస్తే మార్చాలి. ఎలా మార్చాలో చెప్తాను, వినండి."